రాత్రి మూత్రానికి లేవడం: తప్పంతా ప్రోస్టేట్‌దేనా?

మూత్రం గురించి రాయడానికి మనవాళ్లకు ఇప్పటికీ మొహమాటమే. రెండు నెలల కిందట మల్కాజిగిరి నుంచి ఒక పెద్దాయన రాసిన మూడు పేజీల ఉత్తరంలో రెండున్నర పేజీలు మోకాళ్ల నొప్పికీ, బీపీ మాత్రలకూ పోయాయి; చివరి పేజీ అంచున, కాగితం పక్కకు తిప్పి చదవవలసినట్టుగా, “రాత్రి మూడుసార్లు మూత్రానికి కూడా లేవవలసి వస్తున్నది” అని ఒక్క వాక్యం ఉంది. ఆయన అసలు బాధ ఆ వాక్యమేనని తెలుస్తూనే ఉంది. కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి కొని, మూడు రోజులపాటు ప్రతిసారీ ఎంత మూత్రం వచ్చిందో టైముతో సహా రాసి పంపమని ఆయనకు జవాబిచ్చాను. లెక్క వచ్చింది. ఇదే విషయం మీద వచ్చిన మరికొన్ని ఉత్తరాలను కూడా కలిపి ఈసారి శీర్షికను పూర్తిగా దీనికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 67. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. రెండేళ్లుగా రాత్రి మూడుసార్లు లేస్తున్నాను. స్కానింగ్ తీయిస్తే ప్రోస్టేట్ 32 గ్రాములు ఉందనీ, మూత్రం పోసిన తరువాత లోపల 25 మిల్లీలీటర్లు మిగిలిందనీ రాశారు. ప్రోస్టేట్ మాత్ర మూడు నెలలు వాడాను, ఏ మార్పూ లేదు. “ఇక ఆపరేషన్ తప్పదు” అని మా బావమరిది అంటున్నాడు. సాయంత్రం 5 గంటల తరువాత నీళ్లు మానేశాను. గొంతు ఎండిపోవడం తప్ప ఫలితం లేదు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నాను. షుగర్ లేదు. మీరు అడిగిన లెక్క జతచేస్తున్నాను. (మల్కాజిగిరి)

జవాబు: మీరు బ్యాంకులో పనిచేశారన్న సంగతి మీ లెక్క చూస్తేనే తెలిసిపోతుంది, గీతలు కొట్టి, అడుగున మొత్తం వేసి, రోజు రోజుకీ సంతకం కూడా చేశారు. మిగతా పాఠకుల కోసం అందులో ఒక రోజును ఇక్కడ ఇస్తున్నాను. ఉదయం 9కి 150 మిల్లీలీటర్లు, మధ్యాహ్నం 12:30కి 180, సాయంత్రం 4కి 120, రాత్రి 7కి 130, పడుకోబోయే ముందు 10:20కి 170. ఆ తరువాత 12:10కి 340, 2 గంటలకు 360, 4 గంటలకు 320, తెల్లవారి 6:10కి మంచం దిగగానే 280.

ఈ అంకెలను రెండు కుప్పలుగా విడదీయాలి. పడుకునే ముందు పోసినది పగటి ఖాతాలోకి వెళుతుంది; లేవగానే పోసినది రాత్రి ఖాతాలోకి వస్తుంది, ఎందుకంటే అది మీరు నిద్రలో ఉండగా తయారైన మూత్రమే. చాలామంది ఈ రెండోదాన్ని పగటి లెక్కలో వేసి పొరబడతారు. అలా కూడితే మీ పగటి మొత్తం 750 మిల్లీలీటర్లు, రాత్రి మొత్తం 1300. రోజంతటికీ 2050, అంటే మొత్తం మీద మీరు పోసే మూత్రం ఎక్కువేమీ కాదు. కానీ అందులో 63 శాతం మీరు పడుకున్న ఎనిమిది గంటల్లోనే వస్తోంది. 65 ఏళ్లు దాటినవారిలో రాత్రి వాటా మూడో వంతు, అంటే 33 శాతం దాటితే దాన్ని రాత్రిపూట అధిక మూత్రంగా పరిగణిస్తాం. చిన్న వయసువారిలో ఈ హద్దు 20 శాతమే.

ఇంకో అంకె చూడండి. రాత్రి మీరు ఒక్కోసారి 320, 340, 360 పోస్తున్నారు. మనిషి మూత్రాశయం సాధారణంగా 300 నుంచి 500 మిల్లీలీటర్ల వరకు పట్టుకుంటుంది. అంటే మీ మూత్రాశయం నిండాకే మిమ్మల్ని లేపుతోంది. తన పని తాను సక్రమంగా చేస్తోంది. పోసిన తరువాత 25 మిల్లీలీటర్లు మిగలడం కూడా లెక్కలోకి వచ్చేది కాదు. కాబట్టి ఇక్కడ మూత్రాశయం కింద ప్రోస్టేట్ గ్రంథి మధ్య నుంచి వెళ్లే మూత్రపు గొట్టానిది తప్పు కాదు, పైనుంచి వచ్చే నీటిది. ప్రోస్టేట్ మాత్ర గొట్టాన్ని వదులు చేస్తుందే గానీ కిడ్నీలు తయారుచేసే మూత్రాన్ని తగ్గించదు. అందుకే మూడు నెలలు వాడినా మీకు మార్పు కనిపించలేదు. ఈ లెక్క ప్రకారం చూస్తే మీ బావమరిది చెప్పిన ఆపరేషన్ వల్ల కూడా రాత్రి లేవడం తగ్గదు. ఆయన మీద కోపం వద్దు, ఆ వయసు మగవాళ్లందరికీ ముందుగా తట్టేది ప్రోస్టేటే.

మరి రాత్రే ఎందుకు ఇంత నీరు వస్తోంది? పడుచు వయసులో మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి రాత్రిపూట వాసోప్రెసిన్ అనే హార్మోనును ఎక్కువగా వదులుతుంది, అది కిడ్నీలను నీటిని వెనక్కు లాక్కోమని ఆదేశిస్తుంది, అందుకే రాత్రి మూత్రం తక్కువగా, చిక్కగా ఉంటుంది. వయసు మీద పడే కొద్దీ ఈ రాత్రి పెరుగుదల మందగిస్తుంది. ఇది అందరికీ కొంత ఉన్నదే, దీని మీద మనం చేయగలిగింది తక్కువ. మీ విషయంలో చేయగలిగింది కాళ్ల దగ్గర ఉంది.

మొదటి ఉత్తరంలో మీరు మోకాళ్ల నొప్పి గురించి రాస్తూ, సాయంత్రానికి సాక్సు గుర్తులు చీలమండల మీద లోతుగా పడుతున్నాయని ఒక మాట అన్నారు. ఆ మాటే ఇక్కడ ముఖ్యం. పగలంతా కుర్చీలో కాళ్లు వేలాడేసి కూర్చున్నవారికి నీరు కిందికి దిగి కండరాల మధ్య చేరుతుంది. రాత్రి అడ్డంగా పడుకోగానే ఆ నీరు మళ్లీ రక్తంలోకి చేరుతుంది, గుండె దాన్ని కిడ్నీలకు పంపుతుంది, కిడ్నీలు మూత్రంగా మారుస్తాయి. మీరు సాయంత్రం 5 గంటలకు నీళ్లు మానేసినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే: రాత్రి మీరు పోస్తున్నది సాయంత్రం తాగిన నీరు కాదు, పగలంతా కాళ్లలో నిల్వ ఉన్న నీరు. మీరు వాడే ఆమ్లోడిపిన్ మంచి మందే గానీ కొందరిలో చీలమండల వాపు తెప్పిస్తుంది. దాన్ని మీ అంతట మీరు మానకండి. బీపీ చూసే డాక్టరుకు వాపు చూపించి, మోతాదు తగ్గించడం గానీ వేరే రకం మందుకు మార్చడం గానీ వీలవుతుందేమో అడగండి. అదే సమయంలో గుండె, కిడ్నీ, లివర్ పరీక్షలు ఒకసారి చేయించుకోవడం మంచిది, ఎందుకంటే కాళ్ల వాపుకు మాత్ర ఒక్కటే కారణమని పరీక్ష చేయకుండా అనుకోకూడదు.

ఇక మీ చేతిలో ఉన్నవి. రోజూ సాయంత్రం 4 నుంచి 5 వరకు పడుకుని, కాళ్ల కింద రెండు మూడు దిండ్లు పెట్టి, పాదాలు గుండె కంటే ఎత్తులో ఉండేలా చూడండి. కాళ్లలోని నీరు ఆ సమయంలోనే బయలుదేరితే నిద్రకు ముందే మూత్రంగా పోతుంది. టీవీ చూస్తూ కాళ్లు ముందు స్టూలు మీద పెట్టుకోవడం దీనికి సరిపోదు, ఎత్తు చాలదు. దాని తరువాత అరగంట నడవండి. పిక్క కండరాలు నీటిని పైకి తోసే పంపులాంటివి. పొద్దున మంచం దిగకముందే వేసుకునే బిగుతు సాక్సులు కూడా పనిచేస్తాయి గానీ, పాదాల్లో రక్తప్రసారం సరిగా లేనివారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. సాయంత్రం నీళ్ల మీద మీరు పెట్టుకున్న నిషేధం ఎత్తేయండి. రాత్రి భోజనంతో ఒక గ్లాసు తాగితే ఏమీ కాదు.

నీళ్ల మీద పెట్టిన పట్టుదల ఉప్పు మీద పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా లోపు ఉప్పు చాలంటుంది. రాత్రి పప్పులోకి ఆవకాయ, పక్కన అప్పడం, ఆఖర్న మజ్జిగలోకి ఊరమిరపకాయ పెట్టుకుంటే ఆ ఉప్పు శరీరంలో నీటిని పట్టి ఉంచుతుంది, ఆ నీటిని కిడ్నీలు రాత్రంతా వదిలించుకుంటూ ఉంటాయి. ఆవకాయ పూర్తిగా మానమని తెలుగువాడికి చెప్పేంత ధైర్యం నాకు లేదు. దాన్ని మధ్యాహ్నానికి మార్చి, రాత్రి భోజనం చప్పగా తినమని మాత్రం గట్టిగా చెబుతాను.

ఒక ప్రశ్న మీ శ్రీమతిని అడగండి: మీరు గురక పెడతారా, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి మళ్లీ తీసుకుంటారా? నిద్రలో గొంతు మూసుకుపోయినప్పుడు ఊపిరి కోసం ఛాతీ చేసే పెనుగులాటలో గుండె పై గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని గుండె ఒక హార్మోనును వదులుతుంది, దాంతో మూత్రం పెరుగుతుంది. ఇలాంటివారు ఏళ్ల తరబడి ప్రోస్టేట్ మాత్రలు మింగి, చివరకు సీపాప్ (నిద్రలో మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసే) యంత్రం పెట్టుకున్నాక రాత్రి లేవడం తగ్గిపోవడం చూస్తుంటాం. భార్య చెప్పే సాక్ష్యం ఇక్కడ ఏ స్కానింగ్ కంటే విలువైనది, ఎందుకంటే తాను గురక పెడతానని ఏ మగవాడూ ఒప్పుకోడు.

ఇదే లెక్కలో ఒక్కోసారి 80, 100 మిల్లీలీటర్లే వస్తూ, పగలు కూడా గంటగంటకూ వెళ్లవలసి వస్తూ, ధార సన్నబడి, మొదలవడానికి నిలబడి ఎదురుచూడవలసి వచ్చి, అయిపోయాక కూడా ఇంకా మిగిలిందన్న భావన ఉండి, స్కానింగులో 200 మిల్లీలీటర్లో అంతకంటే ఎక్కువో మిగిలిందని తేలితే నా జవాబు వేరేగా ఉండేది. అది నిజంగా ప్రోస్టేట్ అడ్డుపడుతున్న కథ, దానికి టామ్సులోసిన్ వంటి మాత్రలు చక్కగా పనిచేస్తాయి. మొదట్లో కొన్నాళ్లు మంచం మీద నుంచి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరగవచ్చు, జాగ్రత్త. అలాంటివారు జలుబుకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల విషయంలో జాగ్రత్తపడాలి, వాటిలోని కొన్ని మందుల వల్ల మూత్రం పూర్తిగా బిగుసుకుపోయి అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తవలసి రావచ్చు. మూత్రంలో ఒక్కసారి రక్తం కనిపించినా, నొప్పి లేకపోయినా సరే, ఏ వయసువారైనా యూరాలజిస్టును కలవాలి. “వేడి చేసింది” అని సబ్జా నీళ్లతో సరిపెట్టుకోకూడదు.

మూడు వారాలు కాళ్లూ ఉప్పూ చూసుకుని మళ్లీ మూడు రోజుల లెక్క రాసి పంపండి. సంతకం అక్కర్లేదు.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచరుని. రాత్రి మూడుసార్లు లేస్తాను, పొద్దున క్లాసులో కళ్లు మూతలు పడతాయి. షుగర్, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. కిడ్నీలు పాడవడానికి ఇది మొదటి గుర్తు అని ఎవరో అన్నారు. భయంగా ఉంది. మా స్కూల్లో టీచర్లకు ఉన్న ఒక్క బాత్‌రూమూ వాడేటట్టు ఉండదు, అందుకని పగలు నీళ్లు తాగను. (కూకట్‌పల్లి)

జవాబు: అమ్మా, మీ జబ్బు మీ ఉత్తరం ఆఖరి వాక్యంలో ఉంది. ఉదయం 8 నుంచి సాయంత్రం 4:30 వరకు ఒక్క గ్లాసు కూడా తాగకుండా గొంతు అరిగేలా పాఠాలు చెప్పి, ఇంటికి రాగానే గడప దగ్గరే అర లీటరు, తరువాత చాయ్, వంట చేస్తూ ఇంకో రెండు గ్లాసులు, భోజనంలో చారు, మజ్జిగ, ఆ పైన వేసవి కాబట్టి ఫ్రిజ్‌లోని పుచ్చకాయ ముక్కలు: ఇలా రోజంతా తాగవలసిన నీటిని నాలుగు గంటల్లోకి కుదించేస్తే అది రాత్రే బయటికి రావాలి, ఇంకెప్పుడు వస్తుంది? మీ కిడ్నీలు పాడవలేదు. వచ్చిన నీటిని వచ్చిన వేళకు పంపేస్తున్నాయి. రక్తపరీక్షలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ మామూలుగా ఉన్నాయి కాబట్టి ఆ భయం వదిలేయండి.

వైద్యం చెప్పడం తేలిక, మీరు పాటించడం కష్టమని నాకు తెలుసు. తాగే నీటిలో ఎక్కువ భాగం మధ్యాహ్నం 3 గంటల లోపు లోపలికి వెళ్లాలి. స్కూలుకు బయలుదేరడానికి గంటన్నర ముందు రెండు గ్లాసులు తాగితే ఇంట్లోనే ఒకసారి వెళ్లి రావచ్చు. లంచ్ దగ్గర ఒక గ్లాసు, ఆఖరి పీరియడ్‌కు ముందు ఒకటి. ఇంటికొచ్చాక దాహం తీరేంత తాగండి, బాకీ తీర్చుకున్నట్టు తాగకండి. రెండో చాయ్ 5 గంటలతో ఆపండి. కెఫీన్ మూత్రాశయాన్ని రెచ్చగొడుతుంది, నిద్రనూ పలచన చేస్తుంది, పలచని నిద్రలో 150 మిల్లీలీటర్లకే మెలకువ వస్తుంది. పుచ్చకాయ, మజ్జిగ కూడా నీళ్లేనని లెక్కపెట్టుకోండి. వాటిని మానక్కర్లేదు, పగటికి జరపండి.

బాత్‌రూము సంగతి వేరు. రోజూ ఎనిమిది గంటలు బిగబట్టడం, నీళ్లు తాగకపోవడం వల్ల ఆడవాళ్లకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు పదే పదే వస్తాయి. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, దుర్వాసన, జ్వరం, వీటిలో ఏది ఉన్నా మూత్రం కల్చర్ పరీక్ష చేయించుకుని మందు వాడాలి. ఒక్కరే వెళ్లి అడిగితే ప్రిన్సిపాల్‌కు అది మీ ఇబ్బందిగా కనిపిస్తుంది. టీచర్లంతా కలిసి కాగితం మీద రాసి ఇస్తే స్కూలు ఇబ్బంది అవుతుంది. డాక్టరు చీటీ కావాలంటే ఏ డాక్టరైనా రాసిస్తారు.

మీ వయసుకు సంబంధించి ఒక మాట. నెలసరి ఆగే రోజుల్లో ఈస్ట్రోజెన్ తగ్గి మూత్రనాళం, యోని పొరలు పలచబడతాయి, ఆపుకోలేనంత తొందరగా మూత్రం రావడం మొదలవుతుంది. రాత్రి ఒంట్లో వేడి ఆవిర్లు వచ్చి మెలకువ వస్తే, లేచాం కదా అని బాత్‌రూముకు వెళ్లడం అలవాటవుతుంది. మూత్రం కోసం లేవడం, లేచాక మూత్రానికి వెళ్లడం రెండూ ఒకటి కావు. తెల్లవారుజామున నల్లా నీళ్లొచ్చే బస్తీల్లో బిందెలు పెట్టడానికి లేచే ఆడవాళ్లు “నాకు రాత్రి మూత్రం జబ్బు” అనడం నేను విన్నాను. వాళ్లకు ఉన్నది నల్లా జబ్బు. నీళ్ల వేళలు మార్చుకున్నాక కూడా తగ్గకపోతే గైనకాలజిస్టును కలవండి, లోపల రాసే ఈస్ట్రోజెన్ క్రీము ఇలాంటివారికి బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: సార్, ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాను. వయసు 38. రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. రెండు నెలలుగా పడుకుంటే ఐదుసార్లు లేస్తున్నాను. డ్యూటీలో కూడా బండి పక్కకు ఆపాల్సి వస్తోంది. విపరీతమైన దాహం, కూల్‌డ్రింకులు తాగుతున్నాను. 6 కిలోలు తగ్గాను. పగటి నిద్రవల్లనా? (శంషాబాద్)

జవాబు: పగటి నిద్రవల్ల కాదు. ఈ పత్రిక చదువుతున్న రోజునే రక్తంలో షుగర్ పరీక్ష చేయించుకోండి; దగ్గరలోని బస్తీ దవాఖానాలో గానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ ఉచితంగానే చేస్తారు. దాహం, ఎక్కువ మూత్రం, బరువు తగ్గడం మూడూ కలిసి వచ్చినప్పుడు, ఏ వేళ తీసినా షుగర్ 200 దాటితే అది డయాబెటిసే. రక్తంలో చక్కెర సుమారు 180 దాటగానే కిడ్నీలు దాన్ని పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి, చక్కెర వెళుతూ వెళుతూ నీటిని వెంట లాక్కుపోతుంది, నీరు పోతే దాహం వేస్తుంది, ఆ దాహానికి మీరు చక్కెర నింపిన సీసా తాగుతున్నారు. కూల్‌డ్రింకులు ఈ క్షణం నుంచే ఆపి మంచినీళ్లు తాగండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత ఉంటే పరీక్ష రిపోర్టు కోసం ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి, బండి మీరు నడపకండి.

ఇప్పటికే షుగర్ మందులు వాడుతున్న ఇతర పాఠకులకు: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపడం ద్వారానే పనిచేస్తాయి కాబట్టి మొదలుపెట్టిన కొత్తలో మూత్రం పెరగడం సహజం. వాటిని సాధారణంగా ఉదయం పూట వేసుకోమనేది అందుకే.

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. గుండె బలహీనంగా ఉందని ఫ్యూరోసెమైడ్ (ఒంట్లో నీటిని మూత్రంగా పంపే మాత్ర) ఉదయం 8కి, రాత్రి 8కి ఒక్కొక్కటి వేస్తున్నాం. రాత్రి నాలుగైదుసార్లు లేస్తుంది. పోయిన వారం బాత్‌రూము గుమ్మం దగ్గర పడింది, దెబ్బ తగిలింది గానీ ఎముక విరగలేదు. మా పక్కింటాయన రాత్రి మూత్రం రాకుండా డెస్మోప్రెసిన్ అనే మాత్ర వాడుతున్నారు, అది అమ్మకు వేయవచ్చా? డైపరు వేద్దామంటే ఏడుస్తుంది. (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: పక్కింటాయన మాత్ర అమ్మగారికి ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. డెస్మోప్రెసిన్ అంటే ఇందాక చెప్పిన వాసోప్రెసిన్‌కు కృత్రిమ రూపం. అది నీటిని ఒంట్లోనే నిలిపివేస్తుంది. గుండె బలహీనంగా ఉన్నవారికి, ఫ్యూరోసెమైడ్ వాడుతున్నవారికి అది కూడదు. పెద్దవయసులో ఆ మాత్రవల్ల రక్తంలో సోడియం పడిపోయి, తలనొప్పి, తికమక మొదలై ఫిట్స్ దాకా వెళ్లవచ్చు. తగినవారికి ఇచ్చినప్పుడు కూడా మొదటి వారంలోనే సోడియం పరీక్ష చేయిస్తూ ఇచ్చే మందు అది.

ఫ్యూరోసెమైడ్ వేసుకున్న గంటలో పని మొదలై సుమారు ఆరు గంటలు ఉంటుంది. రాత్రి 8కి వేస్తే 9 నుంచి 2 దాకా ఆమెను లేపుతున్నది ఆ మాత్రే. రెండో మోతాదును మధ్యాహ్నం 2, 3 గంటల మధ్యకు జరపవచ్చా అని గుండె డాక్టరును ఫోన్ చేసి అడగండి. చాలామందికి ఈ ఒక్క మార్పుతో రెండుసార్లయినా తగ్గుతుంది. మోతాదు మాత్రం ముట్టుకోకండి. పడుకోగానే ఆయాసం వచ్చి దిండ్లు పెంచవలసి వస్తుంటే, లేదా రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగితే, మందు వేళలతో సరిపోదు, ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

పడిపోవడం గురించి ఇంకాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఈ వయసులో మూత్రం కంటే బాత్‌రూముకు వెళ్లే దారే ప్రమాదం. తుంటి ఎముక విరిగితే అమ్మ మళ్లీ మునుపటిలా నడవలేకపోవచ్చు. ఆమె మంచం నుంచి బాత్‌రూము దాకా రాత్రి వేళ, లైటు వేయకుండా మీరే ఒకసారి నడిచి చూడండి. మంచం ఎత్తు పాదాలు నేలకు ఆనేంత ఉందా, మధ్యలో కాళ్లు తుడుచుకునే పట్టా ముడుచుకుందా, స్విచ్చు చేతికందే చోట ఉందా, గుమ్మం దగ్గర గడప ఎత్తుందా, బాత్‌రూములో నేల తడిగా ఉందా అన్నది అప్పుడు తెలుస్తుంది. పట్టా తీసేయండి, రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టండి, కమోడ్ పక్కన గోడకు పట్టుకునే స్టీలు కడ్డీ వేయించండి. లేచి కూర్చుని, కాళ్లు కిందికి వేసి, మనసులో ముప్పై లెక్కపెట్టాక నిలబడమని అలవాటు చేయండి.

డైపరు వద్దని ఏడ్చే తల్లికి డైపరు వేయకండి. మందుల షాపుల్లో, సర్జికల్ సామాన్ల దుకాణాల్లో కమోడ్ కుర్చీ దొరుకుతుంది, దాన్ని మంచం పక్కనే వేస్తే పది అడుగుల నడక రెండు అడుగులవుతుంది. దాన్ని కూడా మొదట్లో వద్దనవచ్చు. మంచం పక్కన ఆ కుర్చీ ఏమిటని చుట్టాలు అడుగుతారనే బెంగ ఉంటుంది. పగలు దాని మీద ఒక పాత చీర కప్పి ఉంచితే మామూలు కుర్చీలా కనిపిస్తుంది. అమ్మగారు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, పొంతనలేని పేర్లతో పిలిచినా మతిమరుపు అనుకోకండి. ఆ వయసులో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మంట లేకుండా, జ్వరం లేకుండా అలాగే బయటపడవచ్చు, సోడియం తగ్గినా అలాగే ఉంటుంది.

ప్రశ్న: బార్లీ నీళ్లు, కొండపిండి ఆకు కషాయం తాగితే రాత్రి మూత్రం తగ్గుతుందా? 61 ఏళ్ల నేను రోజూ తెల్లవారుజామున 4 గంటలకు లేచి రాగిచెంబులో నీళ్లు లీటరు తాగుతాను. 6 లోపు మూడుసార్లు వెళ్లవలసి వస్తున్నది. రాత్రి 10 నుంచి 4 వరకు ఒక్కసారి లేస్తాను. ఇది జబ్బేనా? (బాగ్‌లింగంపల్లి)

జవాబు: 60 దాటినవారు రాత్రి ఒకసారి లేచి, మళ్లీ పడుకోగానే నిద్ర పడుతుంటే అది జబ్బు కాదు. రెండు, అంతకంటే ఎక్కువసార్లు లేస్తూ, దానివల్ల పగలు నలతగా ఉంటే అప్పుడు కారణం వెతకాలి. 4 గంటలకు మీరు నిద్ర చాలించి లేస్తున్నారు కాబట్టి ఆ తరువాత వెళ్లే మూడుసార్లూ పగటి లెక్కలోనివే. లీటరు నీళ్లు ఒకేసారి తాగితే రెండు గంటల్లో మూడుసార్లు పోయడం మీ కిడ్నీలు బాగున్నాయనడానికి రుజువు. బార్లీ నీళ్లు కూడా నీళ్లే, తాగినంతా బయటికి వస్తాయి. కొండపిండి ఆకును మన పెద్దలు కిడ్నీలో రాళ్లకు వాడారు, మూత్రం ధారాళంగా రావడానికి వాడారు. తగ్గించడానికి వాడినట్టు నేను వినలేదు. ఆ కషాయం సాయంత్రం తాగుతుంటే, ఆ 10 నుంచి 4 మధ్య ఒక్కసారి కూడా దానివల్లే కావచ్చు. ఒక వారం దాన్ని ఆపి చూడండి. రాగిచెంబు నీళ్లు లీటరుకు బదులు రెండు గ్లాసులు చేస్తే, 5 గంటలకు వాకింగుకు వెళ్లినప్పుడు పార్కులో బాత్‌రూము ఎక్కడుందా అని వెతుక్కునే పని తప్పుతుంది.